దిబ్బ కింది దొరలు

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మొదట నాకు అక్షరాలే రావు. యాభై రెండో ఏట వచ్చాయి కానీ అవి ఇంగ్లీషు అక్షరాలు. అవి నేర్పినామె నాతో మాట్లాడిందీ, నాకు కథలు చెప్పిందీ తెలుగులో. ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి చూస్తే పరాయి వాళ్ళ జాకెట్టు తొడుక్కున్నట్టుండేది. తెలుగు అక్షరాలు ఈ మధ్యనే, గుడి బేస్‌మెంటులో ఆదివారం పిల్లలకు చెప్పే తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. నా పక్క కుర్చీలో ఏడేళ్ళ పిల్ల. "ఆంటీ, నీ 'ఞ' అప్‌సైడ్ డౌన్ ఉంది" అని దిద్దుతుంది.

పోయిన నెల టీచరు, మీకు ఏదైనా నేర్పినవాళ్ళ గురించి పది వాక్యాలు రాసుకురండి అన్నది. పిల్లలందరూ అమ్మ గురించి రాశారు. నేను ఒక వాక్యం రాసి ఆగిపోయాను. మిగిలిన తొమ్మిదీ తరగతిలో రాలేదు. ఇంటికొచ్చాక వచ్చాయి, పదితో ఆగలేదు.

ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు. పేరు రాయను. పార్సిప్పనీ అనే ఊళ్ళో, గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్ళలో ఒక టౌన్‌హౌస్‌లో ఒక్కతే ఉండేది. నా చెల్లెలు అక్కడికి దగ్గర్లోనే ఆసుపత్రిలో నర్సు. నన్ను ఈ దేశానికి తెచ్చుకున్నది అదే. కారు లేనిదే కాలు కదపలేని ఊరు కాబట్టి పొద్దున ఏడింటికి డ్యూటీకి పోతూ నన్ను ఆ ఇంటి దగ్గర దింపేది, సాయంత్రం ఏడింటికి వచ్చి ఎక్కించుకునేది. వంట, ఇల్లు తుడవడం, ఆమెకు మాత్రలు అందించడం నా పని. మాత్రల్ని రంగుతో గుర్తు పెట్టుకున్నాను.

పొట్టి మనిషి. చీర మీద స్వెటరు, సాక్సుల మీద హవాయి చెప్పులు. నేను వెళ్ళేనాటికి డెబ్బై మూడేళ్ళు. మనిషిలోంచి కోసి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది ఫలానా జబ్బు అని రాసిచ్చే డాక్టరు పని ముప్పై ఏళ్ళు చేసింది. ఆ ముక్క ఎవరిదో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో ఆ మనిషికి తెలియదు. పక్కింటి మొగుడూ పెళ్ళాలు అరుచుకున్నా, ఫోన్‌లో ఎవరైనా ఎవరి మీదైనా చాడీ చెప్పినా, ఒకటే మాట అనేది. "మనకెందుకే? ముక్క పంపారా, చూశామా, రాశామా."

ఇంటి నిండా పుస్తకాలు. డాక్టరు పుస్తకాలు అటకమీద పెట్టెలో ఉండేవి. అల్మారాల్లో ఉన్నవన్నీ లైబ్రరీ వాళ్ళు పాతవి అమ్మినప్పుడు సంచుల్లో మోసుకొచ్చినవి. ప్రేమ నవలలు, మాయలు మంత్రాలు కలిపినవి. ఐర్లండ్ అనే దేశంలో ముసలమ్మలు చెప్పుకునే పాత కథల్ని తీసుకుని ఇప్పటివాళ్ళు మళ్ళీ కొత్తగా రాసినవి అని చెప్పింది. వాటి అట్టల మీద చొక్కా లేని మగవాళ్ళు, నెత్తిన జింక కొమ్ములు, వాళ్ళ చేతుల మీద వాలిపోయిన ఆడపిల్లలు. మొదటి రోజు దుమ్ము దులుపుతూ నేను సిగ్గుతో తల తిప్పుకున్నాను.

"ఏవిటే, మొహం అట్లా పెట్టావు?"

"ఏం లేదమ్మా. వానికి చలి పెడ్తలేదా అని."

ఆ రోజు ఆమె ఎంత నవ్విందంటే దగ్గు వచ్చి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

తెలుగు ఆడవాళ్ళు ఇంటికి వస్తారని, చదవడానికి తీసిన పుస్తకానికల్లా పైన అట్ట వేసేది, మన బడి పిల్లల్లాగా. బ్రౌను కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఇండియన్ గ్రోసరీ కొట్టువాడు ఏడాదికొకసారి ఇచ్చే దేవుళ్ళ క్యాలెండరు చింపి వేసేది. కొమ్ముల రాజు మీద లక్ష్మీదేవి, ముద్దు పెట్టుకునే వాళ్ళ మీద తిరుపతి వెంకన్న. ఒకసారి సత్యనారాయణ వ్రతానికి పిలవడానికి వచ్చినావిడ టీపాయ్ మీది పుస్తకం తీసి భక్తిగా కళ్ళకద్దుకుంది. "రోజూ పారాయణ చేస్తారా అండీ?" అని అడిగింది. "రోజుకు రెండు అధ్యాయాలు" అన్నది డాక్టరమ్మ, మొహంలో ఒక్క గీత కదలకుండా. నేను వంటింట్లోకి పరుగెత్తి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మధ్యాహ్నం నేను కూరలు తరుగుతుంటే ఎదుటి కుర్చీలో కూర్చుని, ఆ రోజు చదివినంత కథ తెలుగులో చెప్పేది. నేను ఊ కొట్టాలి. కత్తిపీట మీద ధ్యాస పడి ఊ ఆగితే ఆమె కథా ఆగేది. "నిద్రపోయావా? ఎక్కడున్నాం చెప్పు" అని పరీక్ష పెట్టేది. నేను చెప్పలేకపోతే మొదటికి వచ్చేది.

కొండల్లాంటి పచ్చటి దిబ్బలు, ఆ దిబ్బల కింద ఒక లోకం, అక్కడ ముసలితనం లేని మనుషులు. ఇంగ్లీషులో వాళ్ళకేదో పేరుంది. ఆమె మాత్రం దిబ్బ కింది దొరలు అనేది. ఆ దొరలు అందగాళ్ళు, మాట తప్పరు, జాలి లేదు. చెల్లెల్ని ఎత్తుకుపోయారని అక్క ఒకతి దిబ్బలోకి దిగుతుంది, దొరతో పందెం కాస్తుంది, ఆ దొర మీదే మనసు పడుతుంది.

"వాళ్ళకి ఇనుమంటే పడదు. గుమ్మానికి గుర్రపు నాడా కొడితే లోపలికి రారు."

"మా దిక్కు బాలింత తలకాడ కొడవలి పెడ్తరమ్మా, గాలి సోకకుండ."

"చూశావా!" చప్పట్లు కొట్టింది. "ఈ దొరలు మీ నల్గొండ మీదుగానే పోయుంటారు. వాళ్ళు పెట్టింది తినకూడదు కూడా. తిన్నామా, ఇక మన లోకానికి వెనక్కి రాలేం."

"మరి ఆకలైతె ఎట్లమ్మా?"

"అదేగా తంటా. నేను ఈ దేశంలో దిగిన రోజే తిన్నాను. ఏర్‌పోర్టులో చీజ్ శాండ్‌విచ్. అమ్మ కట్టిన పులిహోర బ్యాగ్‌లోనే ఉంది."

అన్ని కథల్లోకీ ఆమెకు ఇష్టమైంది సీల్ ఆడమనిషి కథ. సీల్ అంటే ఏమిటని అడిగాను. సముద్రంలో ఉండే నున్నటి నల్లటి జంతువు, కుక్కలాగ మీసాలుంటాయి అన్నది. ఒక సీల్ తన తోలు విప్పి బండ మీద పెట్టి ఆడమనిషై ఆడుకుంటుంటే, పడవవాడు ఒకడు ఆ తోలు దాచేస్తాడు. తోలు లేకపోతే ఆమె నీళ్ళలోకి పోలేదు. వాడింట్లో ఉంటుంది, వాడితో కాపురం చేస్తుంది. ఏడేళ్ళకు వాడికి నిజంగా ప్రేమ పుడుతుంది. పుట్టాక దాచింది దాచినట్టు ఉంచలేక, తోలు తెచ్చి ఆమె చేతిలో పెడతాడు.

"మరి పోతదా?"

"పోదూ! వేసుకుంది. వేసుకున్నాక మనిషి జ్ఞాపకాలేవీ ఉండవు. వాడు పేరు పెట్టి పిలిచాడు. బండ వైపు చూసినట్టే వాడి వైపు చూసి, మునిగిపోయింది. వాడు ఆ ఒడ్డునే కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని వాడూ ఒక బండయ్యాడు. అంతే."

ప్రతి కథా ఇలాగే. దిబ్బలోకి దిగిన అక్క బయటికి వచ్చేసరికి మూడొందల ఏళ్ళు గడిచిపోయి ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరూ మిగలరు. ముద్దు పెడితే శాపం పోతుందనుకున్న దొర ఆ ముద్దుకే బూడిదవుతాడు. "అంతే" అని పుస్తకం మూసి కాఫీ అడిగేది. నేను ముక్కు తుడుచుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అన్ని గిట్లనే ఐతయా అమ్మా? ఒక్కలన్న సల్లగ ఉండరా?"

"నేను చూసినవన్నీ అట్లాగే ఉండేవే" అన్నది. మళ్ళీ తనే, "పాత కథను వీళ్ళు తిప్పి రాస్తారు. నేను తిప్పకుండా చెప్తాను" అన్నది. ఇంగ్లీషు నుంచి తెలుగు చేయడం గురించి అంటున్నదనుకుని తలాడించాను.

రెండో ఏడు ఆమె కళ్ళు పోవడం మొదలైంది. చూపు నడిమధ్యలో ఒక మచ్చ, చుట్టూ మాత్రం కనిపిస్తుంది. "నీ మొహం దొంగలెత్తుకుపోయారే. చెవులు మాత్రం వదిలారు" అనేది. కోడిలాగ తల పక్కకు తిప్పి కంటి చివరతో చదివేది. ఆ తరువాత లైటున్న భూతద్దంతో చదివేది. ఒక పేజీకి అరగంట. ఒకరోజు భూతద్దం బల్ల మీద పెట్టి నన్ను పిలిచింది.

"ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఆ తరువాత నాకు చదివి పెట్టేదెవరు?"

"మీ బిడ్డను అడుగుండ్రి."

"దానికి ఈ పుస్తకాలంటే అసహ్యం. పైగా కాలిఫోర్నియాలో ఉంది. నువ్వు నేర్చుకో."

"నేనా? ఈ వయసులనా?"

"నా కళ్ళు ముందో, నీ అక్షరాలు ముందో. పందెం. ఓడిపోయావంటే ఈ ఇంట్లో ఇక కథలుండవు."

అలా మొదలైంది. నాకు మొదట వచ్చిన మాట కింగ్. నాలుగు పుస్తకాల మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అదే ఉంది మరి. దొర అనే మాటకు నాలుగే అక్షరాలని ఆశ్చర్యపోయాను. తరువాత సీ, బ్రైడ్, కర్స్. అంటే సముద్రం, పెళ్ళికూతురు, శాపం. భూతద్దం లేకుండా ఆమెకు అక్షరం కనిపించేది కాదు. నేను దాని ఆకారం చెప్పాలి, ఆమె పేరు చెప్పాలి. "నిలువు కర్ర, దానికి పొట్ట." "పొట్ట కుడివైపా, ఎడమవైపా?" "కుడి చెయ్యి దిక్కు." "పైనా కిందా?" అన్నం తినే చెయ్యి, నీళ్ళ చెయ్యి అని చూసుకుని చెప్పేదాన్ని. వేలు పెట్టి చదివేటప్పుడు గట్టిగా నొక్కుతానని, "పిడకలు కొడుతున్నావా, చదువుతున్నావా?" అని వెక్కిరించేది.

చదివిన ప్రతి పేజీ అడుగున పెన్సిలుతో టిక్కు పెట్టడం ఆమె అలవాటు. స్లయిడు చూశాక టిక్కు పెట్టకపోతే చూడనట్టే అని ఆసుపత్రిలో నేర్చుకున్నదట. చదివిన పేజీని తెలుగులో తనకు చెప్పి నన్నూ పెట్టమన్నది. అక్షరాలు పట్టుబడటానికే ఎనిమిది తొమ్మిది నెలలు పోయాయి, చిన్నపిల్లల పుస్తకంలో ఏడాది తిరిగేసరికి నాకు పద్నాలుగు టిక్కులు వచ్చాయి. ఒక్కో టిక్కుకు రెండు రోజులు, ఒక్కోసారి వారం.

ఆ చలికాలం ఆమె అన్నం తగ్గించింది. నడుము నొప్పి అన్నది. చెల్లెలు బలవంతం చేస్తే ఆసుపత్రికి వెళ్ళి పరీక్షలు చేయించుకుంది. పది రోజులకు పోస్టులో కవరొచ్చింది. అప్పటికి ఆమె భూతద్దంతో కూడా చదవలేకపోతున్నది. సాయంత్రం చెల్లెలు వస్తుంది, చదువుతుంది అన్నాను.

"ఎందుకు? నువ్వున్నావుగా. కింద నుంచి మొదలుపెట్టు. డయాగ్నోసిస్ అని ఉంటుంది, 'డి'తో. దొరికిందా? దాని పక్కనున్న మాట. ఒక్కొక్క అక్షరం చెప్పు."

కాగితం కిటికీ దగ్గరికి తెచ్చుకున్నాను. "ఎమ్. ఇ. టి. ఏ. ఎస్. మళ్ళ టి. ఏ. మళ్ళొక టి."

"ఊ."

నాకు ఆమె ఊ కొట్టడం అదే మొదటిసారి. "ఐ. సి."

"చాలు. మిగతాది నాకు తెలుసు." ఆ మాట అర్థం నాకు తెలియదు. అంత పొడుగు మాట తడబడకుండా చదివానని లోపల గర్వంగా ఉంది. ఆమె చెయ్యి చాచి నా మోచెయ్యి తడిమింది. "బాగా చదివావు. ఒక్క తప్పు లేదు."

సాయంత్రం కారులో చెల్లెలు చెప్పింది ఆ మాటకు అర్థం, క్యాన్సరు ఒళ్ళంతా పాకిందని.

తరువాత అంతా త్వరగా జరిగింది. ముందుగదిలో ఆసుపత్రి మంచం వేశారు. రోజూ ఒక నర్సు వచ్చి మందు ఇచ్చి పోయేది, రాత్రికి ఇంకొకామె తోడుండేది. ఆ మందుతో ఆమె ఎక్కువసేపు నిద్రలో ఉండేది, మధ్యలో పావుగంట తెలివొచ్చేది. ఒక మధ్యాహ్నం అలా తెలివొచ్చినప్పుడు పిలిచింది.

"సీల్ పుస్తకం తీసుకురా. సరస్వతి అట్ట."

తెచ్చాను.

"చివరి అధ్యాయం చదువు."

"మీరు చెప్పింరు గదమ్మా. నాకు యాదికే ఉన్నది."

"నేను చెప్పింది కాదు. అందులో అచ్చేసింది చదువు. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తియ్యొద్దు."

నా మనసులో ఆ రెండూ ఒకటే. పుస్తకం తెరిచి వేలు పెట్టాను. షి. హెల్డ్. ది. తరువాతి మాట పెద్దది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే ఆమె రెప్పలు వాలుతున్నాయి. లెక్క చూస్తే తొమ్మిది పేజీలు. నా చదువుకు అవి నెల రోజుల పని. ఆమెకున్నది పది నిమిషాలు.

వేలు తీసేశాను. నాకు కంఠతా వచ్చిన కథ చెప్పడం మొదలుపెట్టాను, చదువుకుంటూ తెలుగు చేసి చెప్తున్నట్టు గొంతు సాపుగా పెట్టుకుని. ఆమె తోలు వేసుకుంది. వాడు పేరు పెట్టి పిలిచాడు. బండ వైపు చూసినట్టే చూసి మునిగిపోయింది. మధ్యమధ్య పేజీ తిప్పిన చప్పుడు చేశాను. వాడు అక్కడే కూర్చుని కూర్చుని బండయ్యాడు.

ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. నిద్రపోలేదు.

"అంతేనా?"

"అంతేనమ్మా."

"పేజీ తిప్పి చూడు. ఇంకేమైనా ఉందేమో."

తిప్పలేదు. తిప్పిన చప్పుడు చేశాను. "లేదమ్మా. గంతే."

"సరేలే" అని గోడ వైపు తిరిగింది.

మూడో రోజు పొద్దున, నేను ఆమె కాళ్ళకు నూనె రాస్తుండగా పోయింది. సరేలే తరువాత నాతో ఇంకో మాట అనలేదు.

కూతురు కాలిఫోర్నియా నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, తల్లిలాగే పొట్టి. పుస్తకాలన్నీ డబ్బాల్లో పెట్టి దానం చేద్దామన్నది. ఇద్దరం కూర్చుని సర్దాము. "ఆంటీ, లాస్ట్ వీక్ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీరు ఫుల్ స్టోరీ చదివి వినిపించారంట. షి వాజ్ సో ప్రౌడ్. థాంక్యూ ఆంటీ" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఆమె ఏడుస్తున్నది వేరు, నేను ఏడుస్తున్నది వేరు.

డబ్బాలో పెట్టే ముందు ఒక్కో పుస్తకం పేజీలు గాలికి విప్పి చూశాను, మధ్యలో ఏవైనా కాగితాలున్నాయేమోనని. ప్రతి పేజీ అడుగునా టిక్కు ఉంది. చివర్లో లేదు. ఇంకో పుస్తకం తీశాను. అందులోనూ చివరి అధ్యాయం మొదలయ్యే దగ్గర టిక్కులు ఆగిపోయాయి. లక్ష్మీదేవి అట్ట, వెంకన్న అట్ట, ఏది తీసినా అంతే. ఆఖరి పేజీలు కొత్త నోట్లలాగ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆమె ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదవలేదు. నేను ముక్కు చీదుకుంటూ విన్న చావులన్నీ ఆమె సొంతవి.

సరస్వతి అట్ట పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. మర్నాడు చెల్లెలు డ్యూటీకి పోయాక వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. తొమ్మిది పేజీలూ నావల్ల కాదని చివరి రెండు పేజీలే పట్టుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే చెల్లెలు తిరిగొచ్చేసరికి అయింది. తెలియని మాటలు చాలా ఉన్నాయి. తెలిసినవి చాలు. షి. కేమ్. బ్యాక్. ఆమె వెనక్కి వస్తుంది. ఒక శీతాకాలమంతా సముద్రంలో ఉండి, తనంతట తను ఒడ్డెక్కి, తడి తోలు తన చేత్తోనే వాడి తలుపు కొయ్యకు తగిలిస్తుంది. వాడి పేరు ఆమెకు గుర్తుంది. వాడు బండ కాలేదు. గిన్నెలు కడుక్కుంటున్నాడు.

డాక్టరమ్మ ఎందుకు ఎప్పుడూ ఆ పేజీలు తెరవలేదో నాకు తెలియదు. ఆఖరున ఎందుకు అడిగిందో కూడా తెలియదు. అడిగింది మాత్రం ఒక్కసారే, నన్నే అడిగింది. నేను ఆమె నోటి మాటనే తీసుకుపోయి, పుస్తకంలో ఉన్నదని చెప్పి ఆమె చెవిలో పోశాను. పేజీ తిప్పి చూడమంటే తిప్పలేదు. ఆమె నమ్మిందో లేదో కూడా నాకు తేలలేదు. నేను ఎన్నడూ అంత వేగంగా చదవలేదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? తెలిసే సరేలే అన్నదేమో. నమ్మి అన్నదేమో.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. జెర్సీ సిటీ నుంచి ఎవరో అబ్బాయి, డాక్టరమ్మ కూతురు నా నంబరు ఇచ్చిందట. వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చింది, పగలు తోడుగా మనిషి కావాలి.

"మీరు చాలా బాగా చూసుకుంటారని చెప్పారండీ. పుస్తకాలు కూడా చదివి వినిపిస్తారట కదా? మా అమ్మకి కథలంటే ప్రాణం."

"నాకు చదువు రాదు బాబూ" అన్నాను. "వంట వచ్చు."